‘హస్క్’ హోటల్లో రెండో రాత్రి

హనుమాన్ జంక్షన్ నుంచి గుడివాడ వెళ్ళే దారిలో, రోడ్డు దిగి కాలవ గట్టు మీద కొంత దూరం పోతే ఒక పాత రైసు మిల్లు వస్తుంది. చీకటి పడ్డాక ఆ గట్టు మీద ఎవరూ నడవరు. చుట్టు తిరిగైనా సరే, ఊళ్ళోంచే పోతారు.

ఎందుకంటే — కళ్ళం మనిషి.

ఉప్పుడు బియ్యం ఆడే రోజుల్లో ఆ మిల్లు ముందు పెద్ద సిమెంటు కళ్ళం ఉండేది. ఉడికిన ధాన్యం దాని మీద పరిచి, ఆడకూలీలు అందులో నడిచేవాళ్ళు. కాలెత్తి వేసే నడక కాదది. పాదం నేలకి ఆనించే ఉంచి, ధాన్యాన్ని చీల్చుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరికి... మళ్ళీ పక్క వరసలో ఆ చివర నుంచి ఈ చివరికి. అడుగునున్న గింజ పైకి వస్తేనే కదా ఆరేది. తలొంచుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, పొద్దస్తమానం అదే పని.

సర్ర్... సర్ర్... సర్ర్...

ఒక రాత్రి మబ్బు కమ్మింది. వాన దిగేలోపు ధాన్యం తిరగేసి ఎత్తేయాలని యజమాని రాత్రి కూడా పని పెట్టాడు. తుంపర మొదలైంది. అప్పుడే బాయిలరు పేలింది. గోనెసంచి మడిచి తలమీద వేసుకుని కళ్ళంలో నడుస్తున్న ఒకామె అక్కడికక్కడే పోయింది.

యజమాని పేరు అందరికీ గుర్తుంది. బాయిలరు చేసిన కంపెనీ పేరు కూడా చెప్పేవాళ్ళున్నారు. ఆవిడ పేరు మాత్రం ఎవరికీ తెలియదు. కళ్ళం మనిషి — అంతే.

ఆ మిల్లు ఇప్పుడు హోటలైంది. మామూలు హోటలు కూడా కాదు, బుటీక్ హోటలు.

దాంట్లో జరిగిన సంగతి నాకు మా పక్క ఫ్లాటు శౌరమ్మ గారు చెప్పింది. చెప్పింది చెప్పినట్టు, చెదిరిపోకముందే రాసేస్తున్నాను. ఈ మధ్య విన్న సంగతులు నా దగ్గర ఎక్కువ రోజులు నిలవడం లేదు.

శౌరమ్మ గారు విజయవాడ టెలిఫోన్ ఎక్స్చేంజీలో ఆపరేటరుగా చేసి రిటైరయింది. ఒకప్పుడు ఊళ్ళో సగం నంబర్లు ఆవిడ నాలుక మీద ఉండేవి. అలాంటి మనిషి పోయిన వేసంగిలో పాలు పొయ్యి మీద పెట్టి గుణదల చర్చికి వెళ్ళిపోయింది. దసరా రోజుల్లో మనవరాలిని చెల్లెలి పేరు పెట్టి పిలిచింది. ఒకసారి లిఫ్టులోంచి దిగి, మా తలుపు తీయడానికి తన తాళంచెవితో తంటాలు పడింది. నేను తలుపు తీసి, “రండి, కాఫీ తాగుదాం” అన్నాను. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి నాకు నోరెక్కడిది? నేనూ ఆ వయసుదాన్నే.

కూతురు డయానా మంగళగిరిలో కంప్యూటరు కంపెనీలో పెద్ద ఉద్యోగం చేస్తుంది. చెడ్డ పిల్ల కాదు. కానీ ఏ పనైనా ప్లాను వేసి చేసే రకం. తల్లిని సోమవారం మతిమరుపు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడం ఒక ప్లాను. ఆయన ఏదో ఒకటి చెప్పగానే సిస్టర్లు నడిపే వృద్ధాశ్రమంలో చేర్చడం ఇంకో ప్లాను. అక్కడ గది కూడా చూసి వచ్చింది. ఈ రెండింటికీ ముందు, తల్లి బాధపడకుండా రెండు రాత్రులు హాలిడే.

“క్యారెక్టరున్న హోటలమ్మా,” అందట డయానా, ఫోనులో ఫొటోలు చూపిస్తూ. “తప్పకుండా వెళ్ళాల్సిన బుటీక్ హోటళ్ళలో ఇదొకటి.”

హోటలుకి క్యారెక్టరేమిటో నాకు తెలియదు. మా రోజుల్లో క్యారెక్టరు గురించి ఆరా తీసేది పెళ్ళి సంబంధాలప్పుడే.

డిసెంబరు నెల. అంతకు ముందే తుఫాను వచ్చి పోయింది. దారంతా కోసిన పంట నీళ్ళలో తేలుతోంది. కొందరు తడిసిన ధాన్యాన్ని హైవే పక్కన పరిచి, అరచేతులతో కలియబెడుతున్నారు. కారు ఏసీలోంచి అవన్నీ చూస్తూ వీళ్ళిద్దరూ వెళ్ళి ఆ మిల్లు ముందు దిగారు.

గేటు మీద పేరు — హస్క్. అంటే ఊక!

మేము ఊకని పొయ్యిలోకీ ఇటుకబట్టీలోకీ తప్ప దేనికీ వాడలేదు. ఇప్పుడు దాని పేరు పెట్టి, ఒక రాత్రి పడుకోవడానికి ఎంత తీసుకుంటారో శౌరమ్మ గారు నాకు చెప్పలేదు. చెబితే నేనేమంటానో ఆవిడకి తెలుసు.

యజమాని పేరు చక్రి. ముప్పై దాటని కుర్రాడు, గడ్డం పెంచి, ముతక నూలు చొక్కా వేసుకుని, కాళ్ళకి చెప్పులు లేకుండా ఎదురొచ్చాడట.

“వెల్‌కమ్ ఆంటీ! ఇక్కడ మేం ఏదీ మార్చలేదు. మిల్లు ఆత్మని అలాగే ఉంచాం.”

మార్చనివి ఏమిటంటే — ధాన్యం నానబెట్టే తొట్లు ఈతకొలనులయ్యాయి. బస్తాలు తూచే కాటా మీద పూలకుండీ కూర్చుంది. బియ్యం ఆడే హల్లరు విప్పి, లోపల బల్బు పెట్టి, గోడకి వేలాడదీశారు. కిటికీలకి గోనెసంచి తెరలు, దిండ్లకి గోనె గలీబులు. ఒళ్ళంతా దురద. తవుడుతో ఒళ్ళు రుద్దే గది ఒకటి ఉంది. మా ఇంట్లో ఆ తవుడు గేదె తినేది, దానికి కూడా కుడితిలో కలిపి మర్యాదగా పెట్టేవాళ్ళం. గదులకి నంబర్లు లేవు, వరి రకాల పేర్లు. వీళ్ళది ‘స్వర్ణ’. మేడ మీద, ఒకప్పుడు గుమాస్తా కూర్చున్న గది.

పొద్దున పలహారం చద్దన్నం. దాన్ని మట్టిమూకుట్లో పోసి, పైన రెండు ఆకులు చల్లి, ఇంగ్లీషు పేరు చెప్పి తెస్తారు. ఉల్లిపాయ అడిగితే — “అది ఎక్స్‌ట్రా మేడం.”

సిమెంటు కళ్ళం మీద మట్టి పోసి పచ్చగడ్డి పెంచారు. లాన్ అట. దాని అవతల బస్తాలు పేర్చే గోడౌను. గోడ ఒకవైపు పడగొట్టి పొడవునా అద్దాలు బిగించి, పెద్ద పెద్ద రెక్కల ఫ్యాన్లు పెట్టి, పెళ్ళిళ్ళ హాలు చేశారు. తుఫాను వల్ల పెళ్ళివాళ్ళు రాలేదు. మిగతా గదులు కూడా ఖాళీ.

చీకటి పడకముందే చక్రి కారెక్కి విజయవాడ ఫ్లాటుకి వెళ్ళిపోయాడు. ఆ క్యారెక్టరు మధ్య తను మాత్రం పడుకోడు.

కాపలాకి ఏసుపాదం అనే వాచ్‌మన్ మిగిలాడు. ఆ పక్క ఊరివాడే. నడివయసు మనిషి, నెమ్మదస్తుడు.

మొదటి రాత్రి.

శౌరమ్మ గారికి మెలకువ వచ్చింది. దిండు దురదకే అనుకుంది. కాదు... ఏదో చప్పుడు. బయట గాలి హోరు. కానీ కిటికీ అవతల చెట్టు ఆకు కదలడం లేదు. ఆ హోరు కింద — ఇంకో చప్పుడు.

సర్ర్... సర్ర్... సర్ర్...

లేచి గోనె తెర పక్కకి జరిపింది.

లాన్ అవతల, గోడౌను అద్దం వెనక, నేల మీద చిన్న వెలుగు. ఆ వెలుగులో ఒక ఆడమనిషి నడుస్తోంది. చీర పిక్కల దాకా ఎగ్గట్టి ఉంది. తల వంచుకుంది. చేతులు వెనక్కి కట్టుకుంది. పాదం ఎత్తడం లేదు.

ఆ చివర దాకా వెళ్ళింది. తిరిగింది. మళ్ళీ ఈ చివరికి...

గుమ్మంలో అడుగుపెట్టిన మధ్యాహ్నమే చక్రి కళ్ళం మనిషి కథ చెప్పాడు. నవ్వుతూ చెప్పాడు, మెనూ కార్డు చదివినట్టు. అది గుర్తొచ్చి శౌరమ్మ గారికి ఒళ్ళు జలదరించింది.

“డయానా... లే... లేవే...” అని గుసగుసగా పిలిచింది.

డయానా లేచి, కళ్ళజోడు వెతుక్కుని, కిటికీ దగ్గరికి వచ్చేసరికి — వెలుగు లేదు. హోరు లేదు. అద్దం నల్లగా ఉంది.

“ఏదమ్మా?”

“అక్కడే... నడుస్తోంది...”

డయానా ఫోను చేసింది. కాసేపటికి ఏసుపాదం టార్చి వేసుకుంటూ కిటికీ కిందకి వచ్చాడు.

“హాల్లో ఎవరన్నా ఉన్నారా?” అడిగింది డయానా.

“లేరండి. తాళం వేసుంది.”

“ఫ్యాను చప్పుడు వినపడిందట మా అమ్మకి.”

“కరెంటు కట్టేశానండి. అమ్మగారు కలగన్నట్టున్నారు.”

డయానా వెనక్కి వచ్చి, తల్లి దుప్పటి సర్ది, పక్కనే కూర్చుని, జుట్టు నిమిరింది. చిన్నపిల్లని నిమిరినట్టు. మంచం మీద ఫోను వెలుగులో ఏదో టైపు చేసుకోవడం శౌరమ్మ గారు చూసింది. డాక్టరు అడిగితే చెప్పడానికి.

“ఆ రాత్రి నేను ఏమని ప్రార్థించానో తెలుసా రావమ్మ గారూ?” అంది నాతో. “ప్రభువా, అది దెయ్యమే అయ్యుండాలి అని. దెయ్యమైతే నాకు కనపడింది, అంతే. దెయ్యం కాకపోతే... నా తల పోయినట్టే కదా. అప్పుడిక నా ఇంటి తాళంచెవి నా చేతిలో ఉండదు.”

నా జన్మలో దెయ్యం ఉండాలని మొక్కుకున్న మనిషిని నేను చూడలేదు. కానీ ఆవిడ చెబుతుంటే, నేనూ అదే మొక్కుకునేదాన్ని అనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం డయానా తవుడు రుద్దించుకోవడానికి వెళ్ళింది. శౌరమ్మ గారు ఒక్కతే లాన్ దాటి గోడౌనులోకి వెళ్ళింది.

నేల అద్దంలా ఊడ్చి ఉంది. గోడ మీద చక్రి వేయించిన బొమ్మలు — చాటలు పట్టుకుని నవ్వుతున్న ఆడవాళ్ళు. మిల్లులో పని చేసినవాళ్ళు అంతలా ఎప్పుడు నవ్వారో మరి.

లోపల ఒక వాసన. ముక్కిన వాసన, ఆవిరి వాసన. తడి ధాన్యం కుప్ప వేడెక్కితే వచ్చే వాసన. వరి పండే ఊళ్ళో పుట్టినవాళ్ళకి అది ఎవరూ చెప్పక్కర్లేదు.

వెనక్కి తిరిగితే గుమ్మంలో ఏసుపాదం.

“నిన్న రాత్రి ఇక్కడ ధాన్యం పోశారు కదయ్యా?” అంది నెమ్మదిగా.

అతని మొహంలో నెత్తురు లేదు. రెండు చేతులూ జోడించాడు.

“అమ్మగారూ... మీ కాళ్ళు పట్టుకుంటా. సారుకి చెప్పకండి.”

“ముందు నువ్వు చెప్పు.”

“మా బావమరిది కౌలుకి చేస్తున్నాడమ్మా. పంటంతా తడిసింది. తేమ ఎక్కువుందని కొనేచోట తిప్పి పంపారు. కుప్ప పెడితే వేడెక్కి మొలకొస్తంది. ఎండా లేదు, కప్పుకోడానికి టార్పాలిన్ పట్టాలూ దొరకట్లేదు. ఇక్కడ ఇంత హాలు, ఇంతేసి ఫ్యాన్లు ఊరికే ఉన్నాయి. మా ఆడాళ్ళు రాత్రి వచ్చి పోసుకుని, ఫ్యాన్ల కింద తిరగేసి, తెల్లారేలోపు ఎత్తుకుపోతన్నారు. ఒక్క గింజ కూడా మిగలకుండా ఊడుస్తన్నాం. రాత్రి మీ కిటికీ తెర కదలడం చూసి అన్నీ ఆపేశాం. సారుకి తెలిస్తే నన్ను తీసేస్తారు, ధాన్యం కాలవలో పోయిస్తారు.”

శౌరమ్మ గారికి ముందు ఎక్కడలేని ప్రాణం లేచొచ్చింది. తను చూసింది నిజమే! తల బాగానే ఉంది! ఈ మాట పరుగున వెళ్ళి డయానాకి చెప్పాలి...

చెబితే? డయానా ఊరుకోదు. రూల్సు పిల్ల. చక్రిని పిలిచి నిలదీస్తుంది — మీ వాచ్‌మన్ అబద్ధం చెప్పి మా అమ్మని భయపెట్టాడు అని. ఇతని ఉద్యోగం పోతుంది, వాళ్ళ పంటా పోతుంది. చెప్పకపోతే? తనకి ఆశ్రమంలో గది సిద్ధంగా ఉంది.

“మరి నా సంగతేంటయ్యా?” అంది. “నువ్వు కల అన్నావు. మా అమ్మాయి నాకు మతి పోయిందనుకుంటోంది. ఎల్లుండి డాక్టరు దగ్గరికి తీసుకుపోతోంది.”

ఏసుపాదం తల వంచుకున్నాడు. “తప్పేనమ్మా. భయంలో నోటికొచ్చింది అనేశాను.”

 ఈవిడ ముప్పై ఏళ్ళు ఎవరి మాట ఎవరికి కలపాలో, ఎవరి మాట ఎవరి చెవిన పడకూడదో చూసుకున్న మనిషి. ఆలోచించింది.

“ఇవాళ రాత్రి కూడా వస్తారా మీ వాళ్ళు?”

“వస్తారమ్మా. ఇంకా కొన్ని బస్తాలున్నాయి.”

“రానీ. నేనెవరికీ చెప్పను. కానీ ఒక పని చెయ్యి. మీ ఆడవాళ్ళలో ఒకామెని అద్దం దగ్గరగా, మా కిటికీకి కనపడేలా నడవమను. ఈసారి మా అమ్మాయిని ముందే లేపి కూర్చోబెడతా. అది కూడా చూడాలి.”

ఏసుపాదం బిత్తరపోయాడు. “ఆ అమ్మగారు కేకలేస్తేనో?”

“దెయ్యమనుకుని కేకేస్తుంది. దెయ్యాన్ని ఎవరూ ఉద్యోగంలోంచి తీసేయరు కదా.”

అతనికి అంత భయంలోనూ నవ్వొచ్చింది. “సరేనమ్మా. మా మరదల్ని పెడతా.”

నేను మధ్యలో ఆపి, “శౌరమ్మ గారూ, కన్నకూతురికి దెయ్యాన్ని చూపించి మోసం చేశారా?” అన్నాను.

“అది నన్ను హాలిడే అని చెప్పి తీసుకెళ్ళలేదా?” అంది.

రెండో రాత్రి.

మబ్బు విడిపోయింది. ఆకాశం నిండా చుక్కలు. మంచు కురుస్తోంది. డయానా నిద్రపోయింది. శౌరమ్మ గారు చీకట్లో కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని, జపమాల చేతిలో పట్టుకుని కూర్చుంది. గోడౌను అద్దం వైపే చూస్తోంది. ఫ్యాన్ల హోరు ఎప్పుడు మొదలవుతుందా అని చెవులు రిక్కించింది.

హోరు లేదు.

వెలుగు లేదు.

‘భయపడి మానేశాడా ఏంటి వీడు’ అనుకుంది.

అప్పుడు — కిటికీ కిందనే.

సర్ర్... సర్ర్...

వంగి చూసింది. గోడౌనులో కాదు. లాన్ మీద. ఒక ఆడమనిషి, తలమీద గోనెసంచి మడిచి వేసుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, పాదం ఎత్తకుండా నడుస్తోంది. ఆ చివర దాకా వెళ్ళింది. తిరిగింది. పక్క వరసలో వస్తోంది.

శౌరమ్మ గారికి ముచ్చటేసింది. ‘అద్దం దగ్గర నడవమంటే, వేషం కట్టించి ఏకంగా బయటికే పంపాడు. గట్టివాడే.’

డయానా భుజం తట్టింది. మాట్లాడకుండా చెయ్యి పట్టి కిటికీ దగ్గరికి నడిపించింది. తెర కొంచెం తొలగించింది.

డయానా చూసింది.

 తల్లి చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగేంత గట్టిగా పట్టుకుంది.

“అమ్మా...” గొంతులోంచి గాలే వచ్చింది. “అమ్మా... నీకు... నీకు కనపడుతోందా?”

“నాకు కనపడటం సంగతి సరే,” అంది శౌరమ్మ గారు. “నీకు కనపడుతోందా?”

డయానా తల ఊపింది.

“గట్టిగా చెప్పు.”

“కనపడుతోందమ్మా...”

“ఏం కనపడుతోంది?”

“ఒకావిడ... తలమీద సంచి... కాళ్ళు... కాళ్ళు ఎత్తట్లేదమ్మా...”

ఆ మనిషి కిటికీ వైపు నడిచి వస్తోంది. సర్ర్... సర్ర్... దగ్గరికి వచ్చింది. ఇంకా దగ్గరికి... గోనె అంచు కింద మొహం ఉండాల్సినచోట చీకటి. గోడ దాకా వచ్చి ఆగింది.

ఆగింది...

నెమ్మదిగా తిరిగింది. పక్క వరసలో వెనక్కి వెళ్ళిపోయింది.

డయానా తెర లాగేసి, తలుపు గడియ వేసి, దానికి కుర్చీ ఆనించి, గదిలో ఉన్న బల్బులన్నీ వేసింది. తల్లి చేతిలోంచి జపమాల లాక్కుంది. ఇంటర్లో చేరాక ఆ పిల్ల జపమాల ముట్టుకోవడం అదే మొదలట. ‘మంగళవార్త’ జపం సగం దాకా చెప్పి తర్వాత మాటలు గుర్తురాకపోతే, శౌరమ్మ గారే అందించింది. తెల్లవార్లూ కూతురు తల్లిని అతుక్కుని కూర్చుంది.

“నిన్న నువ్వు చెబితే నమ్మలేదమ్మా,” అంది తెల్లవారుజామున. “నీకేదో అయిపోతోందనుకున్నా. సారీ అమ్మా.”

 అంతకన్నా ఏం కావాలి శౌరమ్మ గారికి? ఏసుపాదం మరదలికి లోపల్లోపలే దండం పెట్టుకుంది.

పొద్దున్నే చక్రి దిగాడు. డయానా కౌంటరు మీద గుద్ది గుద్ది చెబుతోంది — మీ హోటల్లో దెయ్యం ఉంది, మేం చూశాం, ఇద్దరం చూశాం.

ముందు చక్రి మొహం తెల్లబోయింది. కానీ ఎంతసేపు? మెల్లగా కళ్ళు మెరిశాయి.

“మేడం... ఇది చాలా ఆథెంటిక్ ఎక్స్‌పీరియన్స్. మీరు ఇదే రివ్యూలో రాస్తారా? ప్లీజ్. స్టార్లు మీ ఇష్టం.”

మనిషి పోయినచోట గడ్డి పెంచారు. ఆ మనిషి మళ్ళీ కనపడిందంటే రివ్యూ రాస్తారా అని అడిగారు. ఇప్పుడు ఆ హోటలు ప్రకటనలో రాత్రి పూట ‘మిల్లు నడక’ అని ఒకటి కొత్తగా చేర్చారట. చేతికి లాంతరు ఇస్తారట. ఇలాంటి చోటికి జనం ఎగబడి వెళతారు, నాకు అనుమానం లేదు. దురద దిండు మీద పడుకుని, ఊక వాసన పీల్చి, బతుకంటే ఏమిటో తెలిసిందని రాసుకుంటారు.

డయానా పెట్టెలు కారులో పెట్టిస్తోంది. శౌరమ్మ గారు ఏసుపాదం కోసం చూసింది. కాలవ వైపు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు, దగ్గరికి రావడానికి మొహం చెల్లనట్టు. ఈవిడే వెళ్ళింది.

“బాగా చేశావయ్యా,” అంది గుసగుసగా. “మీ మరదలికి నా ఆశీస్సులని చెప్పు. ఆ గోనెసంచి ఆలోచన ఎవరిది?”

అతను ఆవిడ మొహంలోకి అయోమయంగా చూశాడు.

“క్షమించాలమ్మా. మాట ఇచ్చి నిలబెట్టుకోలేకపోయాను. మీకు చెబుదామంటే డయానమ్మ గారు మీ పక్కనే ఉన్నారు.”

“ఏం చెబుదామని?”

“నిన్న చీకటి పడకముందే లారీ దొరికిందమ్మా. ధాన్యం మొత్తం ఎక్కించుకుని మావాళ్ళు దాంతోనే పోయారు. రాత్రి నేను హాలుకి తాళం వేసి, గేటు దగ్గరే పడుకున్నా...”

ఆగాడు.

“రాత్రి ఎవరూ రాలేదమ్మా.”

శౌరమ్మ గారు మెల్లగా వెనక్కి తిరిగి లాన్ వైపు చూసింది. గడ్డి మీద మంచు తెల్లగా పరుచుకుని ఉంది. ఈ చివర నుంచి ఆ చివరి దాకా — ఎక్కడా ఒక్క పాదం పడ్డ జాడ లేదు. అప్పుడు తట్టింది ఆవిడకి. గడ్డి మీద నడిస్తే సర్రుమని చప్పుడెందుకు వస్తుంది? అది ధాన్యంలో నడిచిన చప్పుడు.

డయానా హారన్ కొట్టింది.

 జంక్షన్ దాటాక డయానా బండి పక్కకి ఆపి, డాక్టరు దగ్గరికి సోమవారం రావడం లేదని ఫోను చేసి చెప్పింది. ఆశ్రమం సిస్టరుకి కూడా చేసి, గది ఇంకెవరికైనా ఇచ్చుకోమంది. శౌరమ్మ గారు కిటికీలోంచి పొలాల వైపు చూస్తూ వింది.

ఇదంతా చెప్పేటప్పటికి మా వరండాలో చీకటి పడింది. లైటు వేయడానికి ఇద్దరిలో ఎవరమూ లేవలేదు.

“మీ అమ్మాయికి చెప్పారా, ఆ ఏసుపాదం అన్న మాట?”

“ఎందుకండీ? దానికి దెయ్యమని తెలుసుగా. తెలియంది నాకే.”

“అయితే శౌరమ్మ గారూ... అది నిజంగా...”

గొంతు తగ్గించాను. నా చేతుల మీద వెంట్రుకలు లేచి ఉన్నాయి. ఆవిడ మాత్రం నిశ్చింతగా, ఒళ్ళో ఉన్న తన ఇంటి తాళంచెవి తీసుకుని లేచింది. మా గుమ్మం దాటి, తడబడకుండా తన తలుపు దగ్గరికే వెళ్ళింది. తాళం తీసి, నా వైపు తిరిగింది.

“దెయ్యమేనండి,” అంది. “దేవుడి దయ.”